నవంబరు తర్వాతి లాటిన్ పాఠాలు

మాస్టారు పోయారని పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గుంటూరులో, నిద్రలోనే పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. "మహానుభావుడు" అంది అమ్మ. ఒకప్పుడు ఆయన పేరెత్తితే చేతిలో గరిటె ఠపీమని గట్టు మీద కొట్టింది ఈ అమ్మే. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు.

అప్పట్లో సౌదీలో, అల్ ఖోబర్‌లో మాతోపాటు ఉన్న తెలుగువాళ్లంతా ఇప్పుడు ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. సాయంత్రానికల్లా అందులో చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. ఎంత మృదువైన మనిషి, ఎవర్నీ నొప్పించి ఎరగడు అని రాశారు. ఒకాయన నన్ను పట్టుకుని, "అమ్మా, నువ్వు ఆయన ప్రియశిష్యురాలివి కదా, రెండు మాటలు రాయి" అన్నారు. నాకు రెండు మాటలు చాలవు. పైగా నేను రాసేవి ఆ బొమ్మల మధ్య బాగుండవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారు పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. తను పనిచేసే ఇటాలియన్ కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాలే వేసేవారు. జేబులో పెన్నుకి బదులు సుద్దముక్క ఉండేది, అందుకని ప్రతి చొక్కా జేబు అడుగునా ఉతికినా పోని తెల్లమరక. ఇటాలియన్‌వాళ్లు మాట్లాడితే నోటికంటే చేతులే ఎక్కువ పనిచేస్తాయి. ఈయన మాత్రం రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దూర్చుకుని, పంచాయతీ ఆఫీసులో అర్జీ చదువుతున్నట్టు ఆ భాష మాట్లాడేవారు. మేనేజర్లకి అది మహా వింత. కొత్తగా వచ్చిన ఇంజనీర్లని పిలిచి మరీ చూపించేవాళ్లట.

ఆయన ఇరవై ఏళ్లప్పుడు చర్చిలో ఫాదర్ అవుదామని రోమ్ వెళ్లి, ఆరేళ్లు చదివి, అవకుండానే తిరిగొచ్చేశారు. ఎందుకని మేమెవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు. సౌదీలో అదంతా మాట్లాడే సంగతి కూడా కాదు. లాటిన్‌తో, ఇటాలియన్‌తో గుంటూరు వచ్చి దిగితే అక్కడ వాటితో ఏం చేస్తారు? మిర్చియార్డులో గుమస్తాగా చేరారు. పన్నెండేళ్లు బస్తాల లెక్క రాశాక, రాస్ తనూరాలో రిఫైనరీ పనులు తీసుకున్న ఆ ఇటాలియన్ కంపెనీకి ఇటాలియనూ ఇంగ్లీషూ తెలిసిన మనిషి కావలసివచ్చాడు. అలా వచ్చారు. పొద్దున డ్రాయింగులూ ఉత్తరాలూ ఇంగ్లీషులోకి తిప్పడం, మధ్యాహ్నం నుంచి ఖోబర్ క్యాంపులో కంపెనీవాళ్ల పిల్లలకి పాఠాలు చెప్పడం.

ఆ బడి అంటే రెండు రేకుల పోర్టా క్యాబిన్లు. పదకొండు మంది ఇటాలియన్ పిల్లలు. లెక్కలకి, సైన్సుకి ఇంజనీర్ల భార్యలే టీచర్లు. ఇటాలియన్‌కి, లాటిన్‌కి అక్కణ్ణుంచి ఎవరూ రాకపోతే మాస్టార్ని పెట్టారు. ఇటలీ పిల్లలకి వాళ్ల తాతల నాటి భాష మన గుంటూరాయన నేర్పేవారు. ఏటా జూన్‌లో పిల్లలందర్నీ ఇటలీ తీసుకెళ్లి, అక్కడొక స్కూల్లో పరీక్ష రాయించి, పాస్ సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లు. ఆ పరీక్ష లేకపోతే ఆ క్యాబిన్లలో చదివిన చదువుకి విలువ లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

నాన్న అదే కంపెనీలో పైపింగ్ సూపర్‌వైజర్. గురువారం, శుక్రవారం సెలవు. గురువారం సాయంత్రాలు క్యాంపులో ఇండియన్ పిల్లలకి సరదాగా ఇటాలియన్ నేర్పుతానని మాస్టారు అంటే, నేనూ చెల్లీ వెళ్లాం. చెల్లి రెండో వారానికే మానేసింది. నేను మానలేదు. నాకు పదమూడేళ్లు. మూడు నెలలు పోయాక ఆయన నాకు ఒక్కదానికీ లాటిన్ మొదలుపెట్టారు.

ఎలా మొదలుపెట్టారో చెప్పాలి, ఎందుకంటే అది అబద్ధం కాదు. బోర్డు మీద ఏమీ రాయలేదు. "డుమువులు ప్రథమా విభక్తి, చెప్పు" అన్నారు. చెప్పాను. "నిన్ నున్ లన్ కూర్చి గురించి?" "ద్వితీయా విభక్తి." ఏడూ చెప్పించి, అప్పుడు సుద్ద తీసి ఒక్కో దానికీ ఎదురుగా లాటిన్‌ది రాశారు. "చూశావా, వాళ్లకి మాట తోకలోనే అంతా ఉంటుంది, మనకిలాగే. క్రియ కూడా చివరికే వస్తుంది. ఆ పదకొండు మందీ దీనికే ఏడుస్తున్నారు. నువ్వు పుట్టుకతోనే సగం నేర్చుకుని వచ్చావు" అన్నారు. ఇంటికెళ్లేదాకా బస్సులో నేను నేల మీద లేను. ఇండియన్ స్కూల్లో యాభై మందిలో ముప్ఫయ్యో ర్యాంకు దాన్ని. నాకు పుట్టుకతో ఏదైనా వచ్చని ఎవరూ చెప్పి ఉండలేదు.

ఆడపిల్ల స్టూడెంటని క్యాబిన్ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచేవారు. ఏసీ చల్లదనమంతా బయటికి పోయేది, గాలిదుమారం వస్తే ఇసుక మా పుస్తకాల్లోకి వచ్చేది. ఆయన తుడుచుకుంటూ పాఠం చెప్పేవారు. పాఠం బాగా అప్పజెబితే కమలాపండు ఒలిచి సగం ఇచ్చేవారు. తప్పు చెబితే తిట్టేవారు కాదు. "ఇంకొకసారి చూద్దాం" అనేవారు.

ఆ "చూద్దాం" గురించి కూడా చెప్పాలి. ఆయనకి నాలుగు భాషల్లో కాదు అనే మాట ఉంది గానీ నోటికి ఒక్కటీ వచ్చేది కాదు. మేనేజరు సాయంత్రానికి యాభై పేజీలు కావాలంటే సరే అనేవారు. ఇంకో మేనేజరు అదే సాయంత్రానికి ఇంకో యాభై అడిగితే అదీ సరే. నాన్న ఒకసారి క్యాంపులో క్వార్టర్ కోసం కాస్త మాట సాయం చేయమంటే, "చూద్దామండీ" అని ఎనిమిది నెలలు చూశారు. చివరికి తెలిసిందేమిటంటే, నాన్న అడిగే నాటికే ఆ క్వార్టర్ ఎవరికో ఇచ్చేశారు, ఆ కాగితం మీద టైపు ఈయనదే. మేం నవ్వుకున్నాం. పాపం, మెత్తని మనిషి అనుకున్నాం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సెప్టెంబరులో, ఒక శుక్రవారం మాస్టారు మా ఇంటికొచ్చారు. అమ్మ పెసరట్లు వేసింది. తిన్నంతసేపూ ఆయన నాన్నతో నా గురించే మాట్లాడారు.

"అమ్మాయిని మా బడిలో వేసేయండి. జూన్‌లో వాళ్లతోపాటు పరీక్ష రాయిస్తాను. ఇంకో నాలుగేళ్లు ఇలా చదివితే నేరుగా అక్కడ యూనివర్సిటీ. ఫీజులు మన దగ్గర కంటే తక్కువ. డాక్టరీ చదివినా, ఇంకేం చదివినా లాటిన్ వచ్చినవాళ్లని వాళ్లు చూసే తీరే వేరండీ."

"అయితే ఇండియన్ స్కూలు మానిపించాలి కదండీ" అన్నాడు నాన్న. "తొమ్మిదిలోనే పదో తరగతి బోర్డుకి పేర్లు పంపిస్తారు. ఇప్పుడు తీసేస్తే మళ్లీ కష్టం."

"పూచీ నాది" అన్నారు మాస్టారు.

అమ్మ అట్టు తిరగేస్తూ, "ఇంతకీ లాటిన్ నేర్చుకుని ఎవరితో మాట్లాడుతుందండీ?" అంది.

"ఎవరితోనూ మాట్లాడక్కర్లేదమ్మా. అదే దాని గొప్ప."

అమ్మకి నచ్చలేదు గానీ నవ్వింది. నాన్న ఆ రాత్రి అంతా ఆలోచించి ఉంటాడు. మేనేజర్ల ఎదురుగా నిలబడితే నాన్నకి ఇంగ్లీషే తడబడేది. ఆ మేనేజర్లు ఎవరిని భుజం తట్టి పిలుస్తారో ఆ మనిషి మా ఇంటికొచ్చి, మా అమ్మాయికి పూచీ పడ్డాడు. వారం తిరక్కుండా నా టీసీ తెచ్చేశాడు. నేను ఏడ్చి, అన్నం మానేసి ఒత్తిడి చేశానని కూడా ఒప్పుకోవాలి. నాకు అంతకంటే కావలసింది లేదు.

ఆ శీతాకాలమంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ చదవలేదు. నవంబరు చివర్లో ఒకసారి, "మాస్టారూ, నా పరీక్ష కాగితాలు వెళ్లాయా?" అని అడిగాను. "వెళ్లాయి. ముందు ఈ పేరా చెప్పు" అన్నారు. నిజమే, వెళ్లాయి. జనవరిలో మళ్లీ అడిగితే "చూద్దాం, అన్నీ ఒక పద్ధతిలో జరుగుతాయి" అన్నారు. ఫిబ్రవరిలో నాకు మౌఖిక పరీక్ష పెట్టారు, నిజం పరీక్షలాగా. సైన్సు చెప్పే ఇంజనీరు భార్యని పక్కన కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు వేశారు. పదికి తొమ్మిది వేసి, స్టాంపు కొట్టిన కాగితం మీద రాసిచ్చారు. నాన్న దాన్ని సైటులో జిరాక్స్ తీయించి, ఒకటి రాజమండ్రిలో మా మావయ్యకి పోస్టు చేశాడు. ఆ కాగితం చేతికిస్తూ మాస్టారి కళ్లు తడయ్యాయి. నా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే కావచ్చు, నేను కాదనను.

మే నెల మొదట్లో నాన్న నన్ను తీసుకుని కంపెనీలో పాస్‌పోర్టు కాగితాలు చూసే ఆఫీసుకి వెళ్లాడు. దేశం దాటాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అనే అనుమతి కావాలి, పాస్‌పోర్టులన్నీ అక్కడే ఉంటాయి. ఇటలీ వెళ్లే పిల్లలవి అన్నీ స్టాంపింగ్‌కి పోతున్నాయని విని, నా ఫొటోలు ఇద్దామని వెళ్లాం. అక్కడ ఉండేది పాషా భాయ్, హైదరాబాదాయన. ఫైలు తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"సాబ్, బిడ్డ పేరు లిస్టుల లేదు."

"ఇంకోసారి చూడండి పాషా భాయ్. పన్నెండు మంది ఉండాలి."

"ఎన్నిసార్లు చూస్తే ఏముంది సాబ్. పదకొండే ఉన్నయి. మాస్టర్ సాబే టైపు చేసిచ్చిండు." అని ఫైల్లో ఇంకో కాగితం తీసి, మమ్మల్ని ఇద్దర్నీ చూసి ఆగాడు. "ఇటలీ నుంచి లెటర్ వచ్చింది గదా, నవంబర్లనే. మీకు చెప్పలే?"

నాన్న ఆ కాగితం తీసుకుని, చదవలేక నాకిచ్చాడు. అది ఇటాలియన్‌లో ఉంది. నేను చదివాను. ఎక్కడా ఆగాల్సిన పని లేకుండా, ఆయన నేర్పినట్టే, తప్పు లేకుండా చదివి నాన్నకి తెలుగులో చెప్పాను. ఈ అమ్మాయికి మా దేశపు మిడిల్ స్కూల్ సర్టిఫికెట్ లేదు కాబట్టి ఈ ఏడాది పరీక్షకి తీసుకోలేం, ముందు ఆ చిన్న పరీక్ష రాసి రావాలి అని ఉంది. నవంబరు రెండో వారం తేదీ. కింద మూలన, నాకు బాగా తెలిసిన గుండ్రని అక్షరాలతో, చేత్తో ఒక లైను. "కుటుంబానికి తెలియజేశాను." దాని కింద సంతకం.

పాషా భాయ్ కుర్చీలోంచి లేచి, "పానీ తాగు బిడ్డా" అని నా చేతికి గ్లాసిచ్చాడు. నాన్న వేళ్ల మీద నెలలు లెక్క పెట్టుకుంటున్నాడు. నవంబరులో అయితే ఇండియన్ స్కూలువాళ్లు నన్ను మళ్లీ తొమ్మిదిలోకి తీసుకునేవాళ్లు. బోర్డుకి పేర్లు పంపడం డిసెంబరు దాకా నడిచింది. చెల్లి క్లాస్‌మేట్ అక్క ఒకమ్మాయి అలాగే ఆలస్యంగా వచ్చి చేరింది కూడా. ఒక్క మాట చెప్పి ఉంటే నేను పోగొట్టుకునేది రెండు నెలల పాఠాలు. ఇప్పుడు ఏడాది పోయింది. ఏప్రిల్లో నా తోటివాళ్లంతా పదిలోకి వెళ్లిపోయారు.

అక్కణ్ణుంచి నేరుగా క్యాబిన్‌కి వెళ్లాం. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. నాన్న ఆ లెటర్ బల్ల మీద పెట్టాడు.

"ఏంటి మాస్టారూ ఇది?"

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే గుర్తుపట్టారు. "చెబుదామనే అనుకున్నానండీ. రోజూ అనుకునేవాణ్ణి."

"ఆరు నెలలండీ."

"కుటుంబానికి తెలియజేశాను అని రాశారు" అన్నాను నేను. "మాలో ఎవరికి చెప్పారు మాస్టారూ?"

ఆయన నాన్న ఎదురుగా ఉన్నాడని మరచిపోయినట్టు నా వైపు తిరిగి మాట్లాడారు. "నవంబరులో చెప్పి ఉంటే నువ్వు వెళ్లిపోయేదానివి తల్లీ. నీకు తెలియదు. ఆ పదకొండు మందీ మార్కులకి చదువుతారు, సెలవలకి మర్చిపోతారు. మిర్చియార్డులో పన్నెండేళ్లు నేను ఇది ఎవరికీ చెప్పుకోలేదు. ఇన్నేళ్లకి ఒక్కదానివి వచ్చావు. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాను." ఆ వెంటనే, "వచ్చే ఏడాది ఆ చిన్న పరీక్ష రాయిద్దాం. పూచీ నాది" అన్నారు.

ఆ ఆఖరి మాట లేకపోతే ఏమో, ఎప్పటికైనా క్షమించి ఉండేదాన్నేమో. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మేం తలుపు దాటుతుంటే, "ఆ పాఠం సగంలో ఉందమ్మా" అని వెనకనుంచి అన్నారు. మేం ఆగలేదు.

నాన్న ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. "ఆయన ఉద్యోగం పోతుంది, పోగొట్టి మనం బావుకునేదేముంది" అన్నాడు. ఆ మంచితనం నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ పూర్తిగా నచ్చదు. అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చెప్పుకుంది. అయినా వాట్సాప్‌లో ఆ మహానుభావులందరికీ అది గుర్తున్నట్టు లేదు. ఎవర్నీ నొప్పించి ఎరగడు అంటున్నారు. నొప్పించడం ఇష్టంలేకే తడిగుడ్డతో గొంతు కోశాడని నేను ఆ బొమ్మల మధ్య ఎక్కడ రాయను?

నేను మళ్లీ తొమ్మిదిలో చేరాను. చెల్లి అప్పటికి తొమ్మిదికి వచ్చింది. ఒకే క్లాసు, ఒకే బెంచీ, ఒకే ఇంటిపేరు. మొదటిరోజు వెనక బెంచీలో కొత్తగా చేరిన పిల్ల, "మీరిద్దరూ ట్విన్సా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చెల్లి "అవును" అనేసింది. ఆ ఏడాదంతా ఆ అబద్ధాన్ని నా కోసం మోసింది. దానికి నేను ఇప్పటికీ థాంక్స్ చెప్పలేదు.

పోయింది ఒక్క ఏడాదే కదా అంటారు, నేనూ అనుకుంటాను. ఇప్పుడు ఉద్యోగముంది, పిల్లలున్నారు, ఆ ఏడాది ఎక్కడా కనపడదు. అయితే ఆయన మంచిగా ఉన్న ఏ సంగతి గుర్తొచ్చినా, ఇది నవంబరుకి ముందా తర్వాతా అని చూసుకుంటాను. విభక్తులు ముందు. పదికి తొమ్మిది తర్వాత. కళ్లు తడవడం తర్వాత. కమలాపండ్లు మాత్రం తేలలేదు, ఎందుకంటే ఖోబర్‌లో అవి ఏడాదంతా దొరుకుతాయి.

ఇంకొకటి కూడా ఉంది. మళ్లీ తొమ్మిదిలో చేరిన కొన్ని వారాలకి, ఒక గురువారం సాయంత్రం నేను స్నానం చేసి, జడ వేసుకుని, నోట్‌బుక్ పట్టుకుని చెప్పుల దగ్గర నిలబడ్డాను. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లింది. నాకు అప్పుడు తెలిసింది. నవంబరులో ఆయన చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని. శనివారం నుంచి ఇండియన్ స్కూలుకి వెళ్లేదాన్ని. గురువారం నాలుగింటికి మాత్రం తిరిగి ఆయన దగ్గరికే వచ్చేదాన్ని. పరీక్ష లేకపోయినా, సర్టిఫికెట్ లేకపోయినా, ఆ కంపెనీలో నాన్న ఉన్నన్నాళ్లూ వచ్చేదాన్ని. నన్ను అలా దొంగతనంగా దాచుకోవాల్సిన పనే లేదు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని భాష కోసం ఒక పిల్ల ఊరికే వస్తుందని, అంత నేర్పిన మనిషికి నా మీద నమ్మకం కుదరలేదు.

ఈ మాట ఆయనకి చెప్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు అదే ఖోబర్‌లో ఉన్నాం, ఎదురుపడితే పక్కకి తప్పుకున్నాను. ఇప్పుడు చెప్పాలని ఉంది. ఆయనకి ఊరట కలగాలని కాదు, ఎంత అక్కర్లేని పని చేశారో తెలిసి బాధపడాలని. ఆ బాధ ఆయన పడకుండానే నిద్రలో పోయారు.